రాజమండ్రి పాత పేటలో మండువా ఇంట్లో బస: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్లో ఎక్కువ మంది అడిగే వాటికి ఇక్కడ జవాబులు రాశాను. బుక్ చేసుకునే ముందు ఒకసారి చదవండి. ఈ ఇల్లు మీకు నచ్చుతుందో లేదో ముందే తెలిస్తే మీకూ మంచిది, మాకూ మంచిది.

ఇది హోటలా, హోమ్‌స్టేనా?

ఇల్లండీ. మా మామగారి తాతగారు స్వాతంత్ర్యానికి ముందు కట్టించిన మండువా లోగిలి. వెనక వాటాలో మేం ఉంటాం. ముందు వైపు నాలుగు గదులు వచ్చేవాళ్ళకి ఇస్తాం. లిఫ్టు, రిసెప్షన్, గదికి భోజనం తెచ్చిపెట్టే కుర్రాళ్ళు ఉండరు. తలుపు తడితే మాలో ఎవరో ఒకరం వచ్చి తీస్తాం.

మండువా అంటే ఏమిటి? వాన పడితే ఇల్లంతా తడిసిపోదా?

అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే. నాకు చెప్పడం ఇష్టమైనదీ ఇదే.

నాలుగు వైపులా గదులు, గదుల ముందు వసారాలు, నడి మధ్యలో ఆకాశం కనిపించే జాగా. ఆ జాగాయే మండువా. నాలుగు పక్కల కప్పులూ లోపలికి వాలి ఉంటాయి కాబట్టి వాన నీళ్ళు దాని మధ్యలోనే పడతాయి. మండువా నేల వసారా కంటే రెండు మెట్లు పల్లం. ఒక మూల రాతి తూము ఉంది, నీళ్ళు అందులోంచి వీధి కాలవలో కలుస్తాయి. ఎంత పెద్ద వానైనా వసారా అంచున ఒక మూర మేర జల్లు కొడుతుంది, అంతే. గదుల్లోకి చుక్క రాదు. గాలివాన రోజుల్లో మాత్రం వసారాలో కుర్చీలు గోడ వారకి జరుపుతాం.

వాన మొదలయ్యేటప్పుడు మీరు ఇంట్లో ఉంటే వసారాలో కూర్చోండి. ముందు ఎర్ర పెంకులు చుక్కలు చుక్కలుగా నల్లబడతాయి. కాసేపటికి నాలుగు చూర్ల నుంచీ ధార కట్టి నీళ్ళు దిగుతాయి. నాలుగు మూలల్లో రేకు గొట్టాలున్నాయి, వాటి ధార ఇంకా లావు. ఆ ధార పడే చోట రాయి ఇన్నేళ్ళకి దోసిలంత గుంట పడింది. మా అత్తగారు ఇప్పటికీ మొదటి పది నిమిషాల వాన పోనిచ్చి, తర్వాత ఒక మూల ఇత్తడి గంగాళం పెడతారు. నూతి నీళ్ళలో కందిపప్పు సరిగ్గా ఉడకదని, వాన నీళ్ళలో వెన్నలా ఉడుకుతుందని ఆవిడ లెక్క. నేను రెండూ వండి చూశాను, ఆవిడ చెప్పింది నిజం.

వసారా స్తంభాలు ఏ చెక్క?

బర్మా టేకు. మన వాళ్ళు రంగూన్ టేకు అనేవారు. ఒకప్పుడు కోరంగి, కాకినాడ రేవుల నుంచి గోదావరి జిల్లాల వాళ్ళు పనులకి ఓడలెక్కి రంగూన్ వెళ్ళేవారు. ఎంతమంది వెళ్ళారంటే, అక్కడ తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. అటు నుంచి టేకు ఇటు దిగేది. స్తంభానికి చెయ్యి ఆనించి చూడండి, వేసవి మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. దయచేసి మేకులు కొట్టడం, టేపులు అంటించడం చేయకండి. పుట్టినరోజు అలంకరణ కావాలంటే మా దగ్గర దండేలున్నాయి, వాటికి కట్టుకోవచ్చు.

ఇల్లు పాతదిగా ఉంది, మరమ్మతులు చేయించారా? పడిపోతుందనే టెన్షన్ అక్కర్లేదు కదా?

అక్కర్లేదు. గోడలు రెండడుగుల మందం, కప్పు వాసాలు ఏటా చూపిస్తాం. తొలకరి ముందు పెంకులు దించి, పగిలినవి మార్చి, మళ్ళీ పేర్పిస్తాం. ఈ పని తెలిసినవాళ్ళు ఊళ్ళో కొద్దిమందే మిగిలారు కాబట్టి మాఘంలోనే చెప్పి ఉంచుకోవాలి.

మరమ్మతులో మేం ఒకసారి పెద్ద దెబ్బ తిన్నాం. పాత ఇల్లున్న వాళ్ళు మీలో ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను. పడమటి గది గోడకి సున్నం పెచ్చులూడుతుంటే ఒక కాంట్రాక్టరుని పిలిచాం. ఆయన పాత సున్నం గీకించి సిమెంటు పూత వేయించి, పైన ఖరీదైన రంగు వేశాడు. రెండు వానాకాలాలు తిరిగేసరికి గోడ పొక్కులు పొక్కులుగా ఉబ్బింది, చెయ్యి పెడితే ఉప్పులా తెల్లటి పొడి రాలింది. ఈ గోడలు నేలలోంచి తడి పీల్చుకుంటాయి. సున్నమైతే ఆ తడిని బయటికి వదిలేస్తుంది, సిమెంటు వదలదు. లోపల చిక్కిన తడి ఇటుకనే తినేస్తుంది. సిమెంటంతా కొట్టించి, సున్నం నానబెట్టి, ఇసకతో మెత్తగా రుబ్బించి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు కలిపి మళ్ళీ పూయించాం. పూత ఆరడానికి వారాలు పట్టింది. ఆ గది అన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండేది అదే గది.

గదులు ఎలా ఉంటాయి? ఏసీ ఉందా?

రెండు గదుల్లో పందిరి మంచాలు, రెండింట్లో పట్టె మంచాలు. పరుపులు కొత్తవే. గోడ బీరువాలు, గూళ్ళు, పైన అటక ఉంటాయి. అటక మీద మా ఇంటి గంగాళాలు, భోషాణం పెట్టె ఉన్నాయి, అక్కడికి మాత్రం ఎక్కకండి. కిటికీలకి ఊచలు, చెక్క రెక్కలు. రాత్రి పై రెక్కలు తెరిచి, కింది రెక్కలు మూసుకుంటే గాలీ వస్తుంది, వీధిలోకి మీరూ కనిపించరు.

ఏసీ రెండు గదుల్లోనే ఉంది. మిగతా రెండూ పెంకుల కప్పు కింద, తలుపులన్నీ మండువాలోకి తెరుచుకునే గదులు. శీతాకాలంలో, వానాకాలంలో వాటికి ఫ్యాను చాలు. రోహిణి కార్తెలో వచ్చేవాళ్ళు మాత్రం ఏసీ గదే అడగండి. మండువా ఇల్లు చల్లగా ఉంటుందన్న మాట నిజమే, ఎందుకంటే వేడిగాలి మధ్యలోంచి పైకి పోతుంది. కానీ రాజమండ్రి మే నెల ఎండ, గోదావరి మీంచి వచ్చే ఉక్క తెలియనివాళ్ళకి అది సరిపోదు.

బాత్రూములు గదిలోనే ఉన్నాయా?

మూడు గదులకి ఉన్నాయి. నాలుగోదానికి పెరట్లో వసారా చివర, ఇరవై అడుగులు నడవాలి. ఆ గది అద్దె తక్కువ. అన్నిట్లోనూ వెస్టర్న్ కమోడే, గీజరు ఉంది. పెరటి నుయ్యి ఇప్పటికీ వాడకంలో ఉంది. నూతి చప్టా మీద చేదతో తోడుకుని స్నానం చేస్తామని చాలామంది సరదా పడతారు, చేయండి. పిల్లలు ఒంటరిగా అటు వెళ్ళకూడదు. నూతి మీద ఇనప చట్రం వేయించాం, అయినా పక్కన పెద్దవాళ్ళు ఉండాల్సిందే.

దోమలు ఉంటాయా?

ఉంటాయి. కాలవలు, చెరువులు, పచ్చని పొలాల మధ్య ఉన్న ప్రాంతం ఇది. ప్రతి మంచానికీ దోమతెర ఉంది. సాయంత్రం ఆరు కాకముందే గది తలుపులు మూసేయండి, ఆ ఒక్క గంట జాగ్రత్త పడితే రాత్రి బాధ ఉండదు. పెరట్లో వేపాకు, సాంబ్రాణి పొగ వేస్తాం. పొగ పడనివాళ్ళు ముందే చెబితే ఆ రోజు మానేస్తాం.

మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళని తీసుకురావచ్చా?

అన్నీ కింది గదులే. అయితే పాత ఇంటి గడపలు ఎత్తు, ఒక్కోటి జానెడు ఉంటుంది. వీధి అరుగు నుంచి గుమ్మంలోకి నాలుగు మెట్లు. కర్రతో నడిచే పెద్దవాళ్ళు చాలామంది వచ్చి హాయిగా ఉండి వెళ్ళారు. చక్రాల కుర్చీ మీదే తిరగాల్సిన వాళ్ళకి మాత్రం ఈ ఇల్లు అనుకూలం కాదు. ముందు గుమ్మానికి చెక్క వాలు పెట్టగలం కానీ, లోపల బాత్రూము గడపలు దాటడం కష్టం.

స్టేషన్ నుంచి ఎలా రావాలి? అర్ధరాత్రి దిగితే తలుపు తీస్తారా?

తీస్తాం. హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ అర్ధరాత్రి దాటాక వస్తుంది, గౌతమి తెల్లవారుజామున వస్తుంది. మాకు అలవాటే. ఏ రైలో, ఏ బోగీయో ముందు రోజు మెసేజ్ పెట్టండి. రాజమండ్రి పెద్ద స్టేషన్లో దిగితే ఆటోలు రాత్రంతా ఉంటాయి. విమానంలో వచ్చేవాళ్ళు మధురపూడిలో దిగి క్యాబ్ మాట్లాడుకోవచ్చు. వీధి పేరు, ఇంటి నంబరు బుక్ చేసుకున్నాక పంపుతాం.

రాత్రిపూట ఆటోని వీధి మొదట్లో ఆపించి ఫోన్ చేయండి. మావాళ్ళు ఎదురొచ్చి సామాన్లు అందుకుంటారు. వీధిలో అందరూ అరుగుల పక్క గదుల్లోనే పడుకుంటారు, ఆటో హారన్ కొడితే పది ఇళ్ళు లేస్తాయి.

కారు పెట్టుకోవడానికి చోటుందా?

ఇంటి ముందు లేదు. వీధి ఎడ్లబండ్ల కాలం నాటిది. రెండు వీధుల అవతల ఖాళీ స్థలం ఉంది, రాత్రికి అక్కడ పెట్టుకోవచ్చు. ఎదురింటి గేటుకి అడ్డంగా ఐదు నిమిషాలైనా ఆపకండి.

చుట్టూ అన్నీ ఇళ్ళేనట కదా. మేం పాటించాల్సినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. ఇది మాకు చాలా ముఖ్యం.

ఈ వీధిలో మూడు నాలుగు తరాలుగా ఉంటున్న కుటుంబాలున్నాయి. తెల్లవారుజామున నాలుగున్నరకి కళ్ళాపి చప్పుడు, ఐదింటికి పాలవాడు, ఐదున్నరకి గుడి మైకులో సుప్రభాతం. పొద్దున్నే తొమ్మిది దాకా నిశ్శబ్దంగా పడుకోవాలనుకునేవాళ్ళకి ఇక్కడ నిద్ర సాగదు. రాత్రి తొమ్మిదిన్నర దాటితే వీధి సద్దుమణుగుతుంది. ఆ తర్వాత మండువాలో మాట్లాడే మాట కూడా పైకి లేచి పక్కింటి డాబా మీదకి వినిపిస్తుంది. అందుకే పది దాటాక పాటలు, గుంపుగా కబుర్లు వద్దంటాం.

అరుగు మీద కూర్చోండి, సాయంత్రం అక్కడే బావుంటుంది. ఎదురింటి పిన్నిగారు మీది ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతారు. పిల్లలెంతమందో కూడా అడుగుతారు. కొత్తవాళ్ళని పలకరించే తీరు ఇక్కడ అదే. చెప్పడం ఇష్టం లేకపోతే "ఊరు చూడ్డానికొచ్చామండి" అంటే చాలు. ముగ్గు వేస్తున్న ఆడవాళ్ళని, అరుగు మీద పడుకున్న ముసలివాళ్ళని అడగకుండా ఫొటోలు తీయకండి. ఒకసారి ఒక అతిథి డ్రోన్ ఎగరేశారు. పక్కింటి పెరట్లో స్నానం చేస్తున్న పెద్దావిడ ఎంత బాధపడ్డారో చెప్పలేను. మేం వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాం. అప్పటి నుంచి డ్రోన్లకి అనుమతి లేదు.

ప్రీ వెడ్డింగ్ షూట్ చేసుకోవచ్చా?

గది తీసుకున్న జంటలు, ఒక కెమెరా మనిషితో, పొద్దున్న ఏడు నుంచి పది మధ్యలో చేసుకోవచ్చు. జనరేటర్లు, పొగ యంత్రాలు, రంగు పొడులు వద్దు. గచ్చు నేల మీద పడ్డ రంగు ఎన్నిసార్లు కడిగినా పోదు.

పెళ్ళి కాని జంటలకి గది ఇస్తారా? ఏ కాగితాలు కావాలి?

ఇస్తాం. వచ్చే ప్రతి పెద్దవాళ్ళకీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఉండాలి. విదేశీ పాస్‌పోర్టు మీద వచ్చేవాళ్ళ వివరాలు 24 గంటల లోపు మేం ప్రభుత్వానికి పంపాలి, కాబట్టి వీసా కాపీ కూడా తెచ్చుకోండి. అమెరికా నుంచి వచ్చే మన పిల్లలు ఇది మర్చిపోతుంటారు.

సిగరెట్, మందు?

రెండూ వద్దు. ఇంటి కప్పంతా చెక్క.

వై-ఫై ఉందా? ఇక్కణ్ణుంచి పని చేసుకోవచ్చా?

ఉంది. గోడలు మందం కాబట్టి గదుల్లో సిగ్నల్ బలహీనంగా ఉంటుంది, వసారాలో బావుంటుంది. వీడియో మీటింగులు ఉంటే సావిట్లో బల్ల వేసి ఇస్తాం. కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఫ్యాన్లు, లైట్లు, వై-ఫై నడుస్తాయి, ఏసీ నడవదు.

భోజనం ఇంట్లోనే పెడతారా?

పొద్దున్న టిఫిన్ అద్దెలోనే కలిసి ఉంటుంది. మధ్యాహ్న భోజనం కావాలంటే ముందు రోజు రాత్రికి చెప్పాలి. రాత్రి భోజనం పెట్టం.

టిఫిన్‌లో పెసరట్టు ఉప్మా ఒక రోజు, దిబ్బరొట్టె ఒక రోజు తప్పకుండా ఉంటాయి. దిబ్బరొట్టెకి తొందర పనికిరాదు. మినప్పప్పు రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుట్లో నూనె పోసి రెండంగుళాల ఎత్తున పిండి వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద వదిలేస్తాం. ముప్పావు గంట పడుతుంది. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా ఉండాలి. దాన్ని పచ్చడితో కాకుండా బెల్లం పానకంతో తినడం మా వైపు అలవాటు, ఒకసారి తిని చూడండి. ఎనిమిదిన్నరకి వేడిగా దింపుతాం, ఆ వేళకి వసారాలో ఉండండి.

మధ్యాహ్నం వంట కాలాన్ని బట్టి. పనసకాయల రోజుల్లో ఆవ పెట్టిన పనసపొట్టు కూర, శీతాకాలంలో కంద బచ్చలి, ఎప్పుడైనా ముక్కల పులుసు. మా వంటింట్లో వండేది శాకాహారమే.

పులస తినడానికే వస్తున్నాం. ఎక్కడ దొరుకుతుంది?

జూలై నుంచి సెప్టెంబరు దాకా, గోదావరి ఎర్రనీళ్ళు పారుతున్నప్పుడే దొరుకుతుంది. సముద్రంలో ఉండే ఇలస చేప గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ వస్తుంది, ఆ మంచినీళ్ళలోనే దానికి ఆ రుచి పట్టుకుంటుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని ఊరికే అనలేదు, ఒక్కో చేప వేలల్లో పలుకుతుంది. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన ఇలసని పులసగా అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు. ఎవరైనా జనవరిలో పులస పులుసు పెడతామంటే నమ్మకండి. సీజన్లో వస్తే, చేపని గుర్తుపట్టి మట్టి దాకలో పులుసు పెట్టి ఇచ్చే ఇల్లు ఒకటి చెబుతాం. పొద్దున్న వండింది సాయంత్రం తినాలి, అప్పుడే ముక్కకి పులుసు పడుతుంది.

వరదలప్పుడు రావచ్చా? ఇంట్లోకి నీళ్ళొస్తాయా?

మా పేట గట్టు లోపల, ఎత్తు మీద ఉంది. నష్టపోయేది నది మధ్య లంకల్లో ఉండేవాళ్ళు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. ఆ రాత్రుల గురించి మా మామగారు ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతారు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. రెండో హెచ్చరిక వచ్చిందంటే ఘాట్లలోకి దిగనివ్వరు, పాపికొండల పడవలు ఆపేస్తారు, కోనసీమ లంకల దారులు మునుగుతాయి. అలాంటప్పుడు మీరు బుకింగ్ రద్దు చేసుకుంటే అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాం.

మరి ఏ నెల మంచిది?

నవంబరు నుంచి ఫిబ్రవరి. ఇంటిని చూడాలనుకుంటే మాత్రం ఆగస్టు, పైన చెప్పిన వాన కోసం. కోనసీమ కాలవలు నిండుగా చూడాలని వేసవి సెలవుల్లో వచ్చి నిరాశపడేవాళ్ళు చాలామంది. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతులకి కాలవలు కట్టేస్తారు.

2027 పుష్కరాలకి గదులిస్తారా?

ఇవ్వం. 2015 పుష్కరాలప్పుడు ఈ ఇంట్లో చుట్టాలే అరవై మంది. ఆ పన్నెండు రోజులూ ఇల్లు మా వాళ్ళదే.

రెండు రోజులుంటే ఏం చూడాలి?

మొదటి రోజు బండి ఎక్కకండి. సూర్యోదయానికి పుష్కర ఘాట్‌కి నడవండి. 1900 నుంచి 1997 దాకా దాదాపు వందేళ్ళు రైళ్ళని మోసిన హేవలాక్ వంతెన, దాని పక్కన కొత్త ఆర్చి వంతెన ఆ వెలుగులో చూడాలి. తర్వాత కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్ళోనే ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరంతా వెలివేస్తున్నా నిలబడ్డ మనిషి తిరిగిన గుమ్మాలు అవి, తొందరపడకుండా చూడండి. ఎండ ఎక్కాక కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ తాగి ఇంటికి వచ్చి పడుకోండి.

రెండో రోజు ధవళేశ్వరం. 1847లో కాటన్ దొర మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. అంతకు ముందు కరువులతో అల్లాడిన నేల ఇది. కాటన్ మ్యూజియం చూసి, కడియం నర్సరీల మీదుగా తిరిగి రావచ్చు. గట్టు మీదుగా ఆత్రేయపురం వెళ్తే, బోర్లించిన కుండ మీద బియ్యపు పిండి గుడ్డ ఒక్కసారి అలా లాగి పూతరేకు తీయడం చూపిస్తారు. ఆ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంచారామాల్లో ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం నాలుగూ గోదావరి జిల్లాల్లోవే. అవన్నీ ఒక్క రోజులో చుట్టేయాలంటే ఏదీ చూసినట్టుండదు, ఇంకో రోజు ఉండండి.

మాకు గది అక్కర్లేదు. ఇల్లు చూడ్డానికి మాత్రమే రావచ్చా?

రండి. ఇలాంటి ఇంట్లో పుట్టి, అది అమ్మేశాక అపార్ట్‌మెంట్ అవడం చూసినవాళ్ళు చాలామంది ఇలాగే వస్తారు. మొన్న ఒక పెద్దాయన గుమ్మంలో నిలబడి, ఎవరూ చూపించకుండానే నేరుగా వెళ్ళి అడ్డగడియ మీద చెయ్యి వేశారు. వాళ్ళ ఇంట్లోనూ అది అదే చోట ఉండేదట. మండువా మెట్టు మీద గంటసేపు కూర్చుని, కాఫీ తాగి వెళ్ళారు.

ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఎప్పుడైనా సరే. టికెట్ ఏమీ లేదు. చెప్పులు అరుగు కింద విడిచి రండి.